కృత్తికలు కనబడని నెల

"మీ ఇంటామె నా బిడ్డను ఆకాశంల పెట్టింది సావుకారీ. ఎట్ల దించుతరో దించుండ్రి."

భీమా ఈ మాట అన్నప్పుడు నేను కొట్టు ముందు ఇప్పపువ్వు తూకం వేస్తున్నాను. బాసగూడలో ఆ రోజు సంత. చుట్టూ నిలబడ్డవాళ్ళు మాటలాపి మా ఇద్దరి వైపు చూశారు. భీమా చేతిలో మూటా లేదు, సంచీ లేదు. అమ్మడానికో కొనడానికో వచ్చిన మనిషి కాదు. ఏటి అవతలి పల్లె నుంచి ఈ ఒక్క మాట కోసమే ఎండలో నడిచి వచ్చాడు.

తూకం ఆపి అతణ్ణి లోపలికి పిలిచాను. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు. గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కోపం చేసుకోకు భీమా. ఏందో నిమ్మళంగ చెప్పు," అన్నాను.

"కోపమైతే సారా తాగి వస్తును. తాగకుండ వచ్చిన," అన్నాడు.

అతని కూతురు రాధ కార్తీక మాసంలో పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. పోయినవాళ్ళను భీమా ఇంట్లో మనలా సాగనంపేయరు. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటారు. పొద్దుగూకే వేళ ఇంటివాళ్ళు కొత్తకుండ పట్టుకుని ఏటికి పోతారు. కన్నతల్లి నీళ్ళలోకి దిగి, గుడ్డ పరచి పట్టుకుని, పోయిన బిడ్డను పేరు పెట్టి పిలుస్తుంది. చేపపిల్లో, రొయ్యో, పురుగో, ప్రాణమున్నది ఏది ముందుగా ఆ గుడ్డలోకి వస్తే అదే బిడ్డ. దాన్ని కుండలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి తెచ్చి, పెద్దల కుండ పక్కన లోపలి గదిలో ఉంచుతారు. అప్పటిదాకా బిడ్డ బయట ఉన్నట్టే. చలిలోనూ, వానలోనూ, చూరు కిందికి కూడా రాలేక.

"విజ్జ పండుం వస్తంది," అన్నాడు భీమా. విత్తనాలు చల్లే ముందు వాళ్ళు చేసుకునే పండుగ అది. "దాని లోపల పిల్లను ఇంట్లకు తెచ్చుకోవాలె. మళ్ళ వానలు పడితె ఏట్లకు దిగొద్దు. ఏడాది ఆగాలె. మా వడ్డె మాసా, మా పూజలు చేసేటోడు, దినం చెప్తనంటడు. పిల్ల తల్లి సన్నే రానంటంది."

"ఎందుకు రాదట?"

"నా పిల్ల చుక్కల్ల సుఖంగ ఉన్నది, ఏట్ల ఎందుకు పిలవాలె అంటంది. పిలిస్తె దిగొస్తది, దిగొస్తె మళ్ళ గద్ద పట్టుకపోతది అంటంది. తల్లి పిలవకుంటె ఇంక ఎవరు పిలిచినా రాదు సావుకారీ. మీ ఇంటామె చెప్పిందట, కోడి తీసుకపోయిందని." అతను తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "మా తాత ఆ చుక్కల్ని వడిసెల రాళ్ళనేటోడు. చేల మీద వాలే పిట్టల్ని తోలడానికి ఎవరో విసిరితే ఆడ ఆగిపోయినయట. మీకు కోడి గావొచ్చు. నాకైతె రాళ్ళే. నా బిడ్డను తీస్కపోయి రాళ్ళల్ల పెట్టింది."

మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ సుధామణి ఆ మాట ఎలా అందో నాకు తెలుసు. నేను అక్కడే ఉన్నాను.

సన్నే చాలా ఏళ్ళుగా ఎండాకాలంలో మా పెరట్లో చింతపండు గింజ తీయడానికి వచ్చేది. వెంట రాధ వచ్చేది. ఆ పిల్ల గింజలు తీసిందీ లేదు, ఊరికే కూర్చుందీ లేదు. సుధామణి ఎక్కడుంటే అక్కడ, పెద్దమ్మా పెద్దమ్మా అంటూ. పొద్దు వాలి పని ముగించేసరికి పెరట్లో చుక్కలు పొడిచేవి. అప్పుడు సుధామణి పడమటి వైపు గుంపుగా మెరిసే కృత్తికలను, మేము పిల్లలకోడి అనే చుక్కలను చూపించి దాని కథ చెప్పేది.

ఒక కోడిని గద్ద వదిలేది కాదట. పొదలో దాక్కుంటే పొదకి, గంప కింద దూరితే గంప దగ్గరికి వచ్చేదట. భూమ్మీద గద్ద చూపు పడని చోటు లేదని కోడికి తెలిసిపోయింది. పిల్లలన్నిటినీ రెక్కల కింద పెట్టుకుని పైకి ఎక్కడం మొదలుపెట్టింది. గద్ద ఎంత ఎత్తుకు పోగలదో అంత ఎత్తుకూ పోయి, ఇంకాస్త పైకి పోయి కూర్చుంది. ఇక గద్దకు అందదు.

"కోడి ఎగరలేదు గద పెద్దమ్మా," అనేది రాధ. "మా కోడి చూరు మీదికే పోలేదు."

"పిల్లల కోసమైతే ఎగురుద్ది."

"మరి ఆడ నూకలెవరేస్తరు?"

"దేవుడు."

"దేవుడు లేచేసరికి పొద్దెక్కుద్ది. కోళ్ళకు చీకటితోనే ఆకలైతది."

"నోర్ముయ్యవే, పెద్దమ్మతోని గట్ల మాట్లాడతరా," అని సన్నే కసిరేది. సుధామణి మాత్రం నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆ పిల్ల దగ్గర తప్ప ఆవిడ అలా నవ్వడం నేను చూసింది తక్కువ.

కార్తీకంలో రాధకు బుఖారు వచ్చింది. జ్వరం తలకెక్కింది. గాడీ దొరికి, దాంట్లో వేసుకుని బీజాపూర్ ఆస్పత్రి దారి పట్టారు కానీ ఊరు చేరకముందే అయిపోయింది. మట్టిచేసిన తర్వాత ఒక సాయంత్రం సన్నే మా ఇంటికి వచ్చింది. సుధామణి తులసి దగ్గర కార్తీక దీపం పెడుతోంది. సన్నే వచ్చి పక్కన కూర్చుంది. ఏడవకుండా చాలాసేపు వత్తి కాలడం చూసింది. ఆఖరికి అంది: "దానికి చీకటంటె భయమక్కా. ఒక్కతే ఎట్ల ఉంటది?"

సుధామణి ఆమె చెయ్యి పట్టుకుని పెరటి మధ్యకు తీసుకుపోయింది. తూర్పున చెట్ల మీదుగా అప్పుడే కృత్తికలు లేస్తున్నాయి.

"ఒక్కతే లేదు పిల్లా. కోడి తీసుకపోయింది. అదుగో, ఆ చివర, అన్నిటికన్నా చిన్నది చూడు. కనబడ్డదా? అది రాధ. ఇంక దానికి ఏ గద్ద భయం లేదు."

సన్నే చూసింది. చూస్తూ చూస్తూ ఏడ్చింది. ఆ తర్వాత ఆ ముఖంలో కాస్త నెమ్మది కనిపించింది. నేను వరండాలో నిలబడి ఇదంతా చూస్తూ, మంచి మాట చెప్పింది సుధామణి అనుకున్నాను.

ఆ మాట సుధామణికి మా అమ్మ చెప్పింది.

మేము భూపాలపట్నంలో ఉన్నప్పుడు మాకొక కొడుకు పుట్టాడు. కిరణ్‌కుమార్ అని పేరు పెట్టాం. మూడేళ్ళ వాడు, ఒక్క రోజు వాంతులతో పోయాడు. మళ్ళీ మాకు పిల్లలు కలగలేదు. అంత చిన్నవాడికి మా శాస్త్రంలో పిండం లేదు, తద్దినం లేదు. గుంట తీసి పెట్టి, స్నానం చేసి ఇంటికి రావడమే. పంతులుగారు అదే చెప్పారు, ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ సాయంత్రం సుధామణి, "మరి నా కొడుకును ఎక్కడ అనుకోవాలె?" అని అడిగింది. అప్పుడు మా అమ్మ ఆమెను బయటికి తీసుకుపోయి ఆ చుక్కలు చూపించింది. కోడి, గద్ద, రెక్కలు, అన్నీ చెప్పింది. చివర మెరిసే చిన్న చుక్క కిరణ్ అంది.

పిల్లలకోడి అన్న పేరు మా వాళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ ఆ గద్ద కథ మా అమ్మ అంతకు ముందు ఎన్నడూ చెప్పలేదు. నా చిన్నతనంలో ఎన్ని కథలు చెప్పిందో, అందులో ఇది లేదు. ఆ పెరట్లో, కోడలి ఏడుపు వింటూ, అప్పటికప్పుడు అల్లిందనే నా నమ్మకం. అమ్మ బతికి ఉన్నన్నాళ్ళు నేను అడగలేదు.

పురాణంలో కృత్తికలంటే ఆరుగురు తల్లులు. రెల్లుపొదల్లో దొరికిన కుమారస్వామికి పాలిచ్చి పెంచారు. ఆ పుణ్యానికి ఆకాశంలో చోటు దొరికింది. నేను రోజూ కుమారస్వామికి దణ్ణం పెట్టుకుంటాను, ఆ కథ మీద నాకు అనుమానం లేదు. అయినా ఒక్కోసారి అనిపిస్తుంది. అవే చుక్కలు పంతులుగారికి తల్లులు, మా అమ్మకు కోడి, భీమా తాతకు వడిసెల రాళ్ళు. మొదట ఆ పేర్లు పెట్టినవాళ్ళు ఏ పెరట్లో నిలబడి పెట్టారో. పక్కన ఎవరు ఏడుస్తుంటే పెట్టారో. దేవుడు మన మాటలు విని ఊరుకున్నాడో, సరేనన్నాడో మనకేం తెలుసు.

అంతే నాకు తెలిసింది. సుధామణికి మాత్రం ఇందులో అనుమానం ఎప్పుడూ లేదు. ఆనాటి నుంచి సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తలెత్తి చూసేది. చుక్కలు కనబడని నెలల్లో ఏమనుకునేదో నేను అడగలేదు. పొలం పనులకు పోయినవాడు రాత్రికి వస్తాడన్నట్టు, కనబడే రోజు కోసం ఆగేది.

సంత ముగిసి కొట్టు కట్టేశాక భీమా వచ్చిన సంగతి ఆవిడకు చెప్పాను. వంటింట్లో కూర్చుని మునగాకు దూస్తోంది. చేతులు ఆగాయి.

"సన్నేకు చెప్పి ఏటికి పంపు," అన్నాను. "వాళ్ళ పిల్లను వాళ్ళ ఆచారంగా తెచ్చుకోనీ."

"నేను వద్దన్ననా?"

"నువ్వు వద్దనలే. కానీ పిల్ల చుక్కల్ల ఉందన్నవు. ఆమె అది పట్టుకుంది."

"ఉంది గనుక ఉందన్న."

"సుధా..."

"ఏంది? లేదంటరా మీరు?" ఆవిడ నా కళ్ళలోకి చూసింది. "నేను అబద్ధం చెప్పినంటరా? రాధ లేదంటే మరి వాడు? వాడు ఉన్నడా, లేడా? అది కూడా మీరే చెప్పుండ్రి."

నేను గోడకేసి చూశాను. ఆవిడ మళ్ళీ ఆకు దూయడం మొదలుపెట్టింది. కాసేపటికి, "రెండు దిక్కులా ఉండొచ్చు గద," అంది తనలో తాను అనుకున్నట్టు. "ఏట్లకు వచ్చి, మళ్ళ పోవచ్చు." కానీ ఆ మాట సన్నేకు చెప్పడానికి ఆవిడ వెళ్ళలేదు. భీమా కూడా మళ్ళీ రాలేదు. ఏటి అవతలి నుంచి వచ్చేవాళ్ళు చెప్పేవారు, సన్నే మొగుడితో మాట్లాడటం లేదని, పొద్దుగూకితే పడమటి వైపు కూర్చుంటుందని.

వైశాఖం వచ్చింది. చుక్కల గుంపు రోజు రోజుకూ పడమటికి దిగిపోతోంది. పొద్దు గుంకిన కాసేపటికే అదీ గుంకేది. సన్నే ఇంటి పడమట అడవి అడ్డం. అందుకని సాయంత్రం కాగానే ఏరు దాటి మా పెరట్లోకి వచ్చేది. మా పెరటి పడమటి వైపు ఖాళీ, చాలా దూరం తెరపి. సుధామణీ ఆమే పక్కపక్కన నిలబడి చూసేవారు.

"కిందికొస్తందేందక్కా?" అని సన్నే అడిగేది.

"వేసంగి గద. గట్లనే ఉంటది."

ఒక సాయంత్రం మబ్బు లేదు, దుమ్ము లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. చుక్కలు లేవు. సన్నే ఎర్రటి వెలుగు తగ్గేదాకా ఆగింది. చీకటి పడింది. అన్ని వైపులా చుక్కలు పొడిచాయి, పడమట ఆ చోటు మాత్రం ఖాళీ. ఆమె సుధామణి భుజం పట్టుకుని ఊపింది.

"ఏదక్కా? ఎటు వోయింది? నీ దగ్గర పెట్టిన గద, ఎటు వోయింది?"

సుధామణి నా వైపు చూసింది. ఇది నాకు తెలిసిన విషయమే కదా, చెబితే ఆమె నెమ్మదిస్తుందని నేను వరండా దిగి వచ్చాను.

"ఎటూ పోలేదు సన్నే. కృత్తిక కార్తె వస్తంది. కార్తె అంటే ఏంది? సూర్యుడు ఆ చుక్కల దగ్గరికి వస్తడు. ఆయన వెలుగుల మనకు కనబడవు, అంతే. ఆయన దాటి పోయినంక తెల్లారగట్ల తూర్పున మళ్ళ వస్తయి. ప్రతి ఏడూ ఇంతే."

సన్నే నా మాట పూర్తిగా విన్నది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"పొద్దు దగ్గర ఉన్నదా నా పిల్ల?"

"అంటే, అట్ల కాదు..."

"గీ ఎండల? ఈడ నేల మీద కాలు పెడితెనే బొబ్బలెక్కుతున్నయి. పొద్దు పక్కన, నెల దినాలు?" ఆమె గొంతు పెరిగిపోయింది. "బుఖారుతోని కాలి కాలి పోయింది సావుకారీ. గుడ్డ తడిపి తడిపి నెత్తి మీద వేసిన. గుడ్డ వేడెక్కేది, మళ్ళ తడిపేది. గాడీల కూడా తడిపిన. ఇప్పుడు ఏడ వెయ్యాలె గుడ్డ? ఎట్ల అందుద్ది?"

ఆమె నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పరుగెత్తి కొంగు ముంచింది. తడి కొంగు పట్టుకుని నిలబడి పైకి చూసింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులతో పిండింది. నీళ్ళు పాదాల మీద పడ్డాయి. మళ్ళీ ముంచింది. మళ్ళీ పిండింది.

నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అది విని ఒక తల్లి అలా అయిపోతుందని మాత్రం నాకు తోచలేదు.

సుధామణి వెళ్ళి ఆమె చేతుల్లోంచి కొంగు విడిపించింది. ఆమెను తులసి గట్టు మీద కూర్చోబెట్టి తాను నేల మీద కూర్చుంది. నేను దూరంగా ఆగిపోయాను.

"సన్నే, ఇటు చూడు. నా ముఖం చూడు. పిల్ల అక్కడ లేదు."

"నువ్వే చూపిచ్చినవు."

"చూపిచ్చిన. నేను చూసి చూపియ్యలే. మా అత్తమ్మ నాకు చూపిచ్చింది. ఆమె కూడా చూడలే. నా ఏడుపు చూడలేక చెప్పింది. నీ ఏడుపు చూడలేక నేను చెప్పిన."

సుధామణి కొడుకు సంగతి సన్నేకు తెలుసు. ఎన్నో ఎండాకాలాలు చింతపండు ముందు కూర్చుని ఇద్దరూ చెప్పుకున్నదే.

"మరి నీ కొడుకు?"

అప్పుడు సుధామణి నా వైపు చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు.

"లేడు," అంది. "వాడూ లేడు. అవి చుక్కలు పిల్లా. కోడి లేదు, పిల్లలు లేవు. చుక్కలే."

"మరి ఇన్నేండ్లు చూసినవు?"

"చూసిన."

ఉన్నట్టుండి సన్నే లేచింది. ఆమె ముఖం మారిపోయింది. ఎవరో పిలిస్తే విన్నదానిలా, "అయితే బయటనే ఉన్నది," అంది. "చలికాలం అంత బయటనే. అందరి పిల్లల్ని పిలుస్తున్నరు, నన్ను పిలుస్తలేరని చూసుకుంట ఉన్నది. నేనేమో తలకాయ పైకెత్తుకుని..." మిగతా మాట అనలేదు. తడి కొంగు నడుముకు దోపుకుని వెళ్ళిపోయింది. ఏటి దాకా తోడు వస్తానన్నాను. వద్దంది.

లోపలికి వచ్చాక సుధామణితో ఏదో ఒకటి మాట్లాడాలనిపించింది.

"మంచి పని చేసినవు. ఆమె కోసం అట్ల చెప్పినవు గానీ..."

"గానీ ఏంది?" అంది. "ఆమె కోసం చెప్పింది నాకు వినబడలేదనుకున్నరా?"

మాసా దినం చెప్పాడు. ఏరు బాగా సన్నగిల్లింది, ఒడ్డున ఇసుక మేటలు తేలాయి. మేమిద్దరం వెళ్ళాం. సన్నే రమ్మని కబురు పెట్టింది. భీమా నన్ను చూసి తల ఊపాడు. అతని తల్లి తల మీద కొత్తకుండ ఉంది.

సన్నే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. భీమా చెల్లెలు గుడ్డ రెండో కొస పట్టుకుంది. మాసా ఒడ్డున కూర్చుని వాళ్ళ భాషలో ఏదో పాడుతున్నట్టు చెబుతున్నాడు. సగం నాకు అర్థమైంది. ఇల్లు ఇక్కడే ఉంది, దారి ఇదే, పొయ్యి వెలుగుతోంది, నీ చోట ఎవరూ పడుకోలేదు. అలాంటి మాటలు.

సన్నే పిలిచింది. మొదటిసారి మెల్లగా. రెండోసారి, సాయంత్రం ఇంటికి రాని పిల్లను పెరటి నుంచి కేకేసినట్టు పిలిచింది. "రాధా! రాయే! పొద్దు వోయింది, ఇంటికి రాయే!" ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళంతా ఏడ్చారు. ఆమె పిలుస్తూనే ఉంది. నన్ను తిట్టుకుంటున్నవా, ఆలస్యమైంది, తప్పు నాదే, రాయే అంది.

గుడ్డ అంచు మీద చిన్న చేపపిల్ల ఒకటి కొట్టుకుంది. గోరంత ఉంటుంది. సన్నే గుడ్డను దగ్గరికి లాక్కుని రెండు చేతులూ దాని కింద పెట్టింది. భీమా నీళ్ళలోకి దిగి కుండ ముందుకు చాపాడు. అతను ఏడవడం అప్పుడు చూశాను. కూతురు పోయిన రోజు కూడా నేను చూడలేదు. కుండ మీద ఆకు మూత వేశారు. ఇక వాళ్ళు వెనక్కి చూడకుండా నడవాలి. అందరూ ఒడ్డెక్కుతున్నారు.

సన్నే మాత్రం కదల్లేదు. గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అక్కా, దిగు," అంది సుధామణితో.

"నేనా? ఎందుకే?"

"నీ కొడుకును పిలువు."

మాసా గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళది వేరే సన్నే. వాళ్ళ దేవుళ్ళు వేరే."

"పిల్లగాడికి ఏ దేవుడు ఎరుక? మూడేండ్లు వాడికి. తల్లి గొంతు ఎరుక గద. దిగక్కా."

శాస్త్రం ఒప్పుతుందా లేదా అని నేను ఆలోచించేలోపే సుధామణి కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలోకి దిగింది. గుడ్డ కొస పట్టుకుంది. వాడు పోయిన తర్వాత ఆ పేరు మా ఇంట్లో పైకి పలికినవాళ్ళం కాదు. బాబు అనేవాళ్ళం, వాడు అనేవాళ్ళం.

"కిరణూ," అంది. ఇంకొంచెం గట్టిగా, "కిరణ్ నాన్నా."

నీళ్ళు గుడ్డలోంచి పోతున్నాయి. ఒక ఎండుటాకు వచ్చి అంచుకు తగిలి పక్కకు తప్పుకుంది. సన్నే దాని వైపు ఆశగా చూసి, ఆకేనని తెలిసి, మళ్ళీ నీళ్ళ వైపు చూసింది. సుధామణి పిలుస్తోంది. అన్నం వేళైంది అంటోంది. నాన్నగారు కూడా వచ్చారు చూడు అంటోంది. నేను ఒడ్డు మీది నుంచి ఒక అడుగు నీళ్ళలోకి వేశాను, వాడికి కనబడాలన్నట్టు. ఎందుకలా చేశానో నన్ను అడగకండి.

"ఇగ చాలు. కుండ ఎక్కువసేపు బయట ఉండొద్దు," అన్నాడు మాసా.

"ఒక్కసారి. ఇంకొక్కసారి పిలువక్కా," అంది సన్నే.

సుధామణి ఇంకొక్కసారి పిలిచింది. ఏరు సన్నగా పారుతోంది. గుడ్డలో ఏమీ లేదు.

సన్నే గుడ్డను మెల్లగా పైకి తీసి మడత పెట్టింది. సుధామణి చెంప మీద తడి చెయ్యి ఆనించింది.

"భూపాలపట్నం దూరం గదక్కా," అంది. "ఈ ఏరు అటు పోదు. వాడికి వినబడి ఉండదు."

"అవును పిల్లా," అంది సుధామణి. "చాలా దూరం."

వాళ్ళు కుండ ఎత్తుకుని అవతలి ఒడ్డు ఎక్కారు. ముందు భీమా తల్లి, వెనక సన్నే, ఎవరూ తిరిగి చూడలేదు. చెట్లలో కలిసిపోయేదాకా మేము చూశాం. తర్వాత సుధామణి చీర అంచు పిండుకుంది. ఇద్దరం ఇసుక దాటి ఇంటి దారి పట్టాం. అప్పటికి చీకటి పడింది, చుక్కలు ఒక్కొక్కటే పొడుస్తున్నాయి. ఆవిడ తల వంచుకుని కాళ్ళ ముందు దారి చూసుకుంటూ నడిచింది. నేను కూడా తలెత్తలేదు.